మధ్యాహ్నానికే 1.5 జీబీ ఎటు పోయింది?

పొద్దున నాలుగు వాట్సాప్ మెసేజ్‌లు, బస్సులో కాసేపు వీడియోలు, అంతే. మధ్యాహ్నం భోజనం వేళకి రోజు కోటా 1.5 జీబీలో 90 శాతం అయిపోయిందని మెసేజ్ వచ్చేస్తుంది. అప్పుడు చాలామంది యాడ్ ఆన్ రీచార్జ్ వేయించుకుంటారు, లేదా అనుమానం వచ్చిన యాప్‌నల్లా తీసేస్తారు. ఆ రెండిటికన్నా ముందు చేయాల్సింది లెక్క చూడటం. ఏ యాప్ ఎంత తిన్నదో ఫోనే రాసి పెట్టుకుంటుంది. దీనికోసం వేరే మీటర్ యాప్ దించుకోనక్కర్లేదు. మీరు ఏ యాప్ ఎప్పుడు తెరుస్తున్నారో చూసే అనుమతిని ఎవరు చేశారో తెలియని యాప్‌కి ఇవ్వడం మంచిది కూడా కాదు.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి, మీ సిమ్ పేరు నొక్కితే యాప్ డేటా యూసేజ్ కనిపిస్తుంది. శామ్‌సంగ్‌లో అయితే కనెక్షన్స్, తర్వాత డేటా యూసేజ్, తర్వాత మొబైల్ డేటా యూసేజ్. కంపెనీని బట్టి దారి కొంచెం మారుతుంది. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన వెతికే చోట ‘డేటా యూసేజ్’ అని కొట్టండి. రెండు సిమ్‌ల ఫోనైతే దేని లెక్క దానిదే. నెట్ వస్తున్న సిమ్ లెక్కే చూస్తున్నారా అన్నది ముందు చూసుకోండి. అక్కడే చాలామంది పొరబడతారు.

ఇంకో చిక్కుంది. మన ప్లాన్లు ఎక్కువగా రోజువారీవి, రాత్రి 12 దాటితే కోటా కొత్తగా మొదలవుతుంది. ఆండ్రాయిడ్ మామూలుగా చూపించేది మాత్రం నెల లెక్క. పట్టీలో యూట్యూబ్ పక్కన 11 జీబీ అని ఉంటే అది ఇవాళ్టిది కాదు, నెల మొత్తానిది. రోజు లెక్క కావాలంటే సులువైన పద్ధతి స్క్రీన్‌షాట్. రాత్రి పడుకునే ముందు ఆ పట్టీని స్క్రీన్‌షాట్ తీయండి. మర్నాడు అదే వేళకి ఇంకోటి తీసి, మొదటి ఐదు యాప్‌ల అంకెల్లోంచి నిన్నటివి తీసేయండి. పనిరోజులు రెండు, ఆదివారం ఒకటి చూస్తే చాలు, దొంగ దొరికిపోతాడు. ఐఫోన్‌లో మొబైల్ డేటా కింద ‘కరెంట్ పీరియడ్’ అని కనిపించేది దానంతటది సున్నాకి రాదు. అడుగున రీసెట్ స్టాటిస్టిక్స్ ఉంటుంది, రీచార్జ్ చేసిన రోజే దాన్ని నొక్కాలి. లేకపోతే ఎప్పటి అంకెలో తెలియకుండా కూడుకుంటూ పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆండ్రాయిడ్ పట్టీలో యాప్ పేరు నొక్కితే లోపల రెండు అంకెలుంటాయి: ఫోర్‌గ్రౌండ్, బ్యాక్‌గ్రౌండ్. మొదటిది యాప్ స్క్రీన్ మీద ఉన్నప్పుడు వాడినది. రెండోది మీరు చూడనప్పుడు అది వాడుకున్నది. మందు దేనికి వేయాలో ఈ రెండు అంకెలే చెబుతాయి. ఫోర్‌గ్రౌండ్ ఎక్కువుంటే ఆ యాప్ తప్పేం లేదు, మీరు చూస్తున్నారు కాబట్టి అయిపోతోంది. అక్కడ తగ్గించాల్సింది వీడియో నాణ్యత. బ్యాక్‌గ్రౌండ్ ఎక్కువుంటే బ్యాకప్, అప్‌డేట్, ఆటో డౌన్‌లోడ్ లాంటిదేదో నడుస్తోందన్నమాట. అదే పేజీలో బ్యాక్‌గ్రౌండ్ డేటా మీట ఆపేస్తే సరిపోతుంది. పాటల యాప్‌ని మాత్రం దొంగ అనుకోకండి, స్క్రీన్ ఆపి పాటలు వింటే ఆ వాడకం బ్యాక్‌గ్రౌండ్‌లోనే పడుతుంది.

వీడియో లెక్క ఒకసారి వేసుకుంటే మళ్లీ మర్చిపోరు. సెకనుకి 1 మెగాబిట్ (అంటే ఎంబీలో ఎనిమిదో వంతు) చొప్పున గంటసేపు వస్తే 450 ఎంబీ. 2 మెగాబిట్ల వీడియోకి గంటకి 900 ఎంబీ, 4 మెగాబిట్లకి 1.8 జీబీ. మా విశాఖలో గాజువాక దగ్గర బస్సెక్కి రుషికొండలో దిగేలోపు గంట దాటుతుంది. నాణ్యత ‘ఆటో’లో ఉండి, సిగ్నల్ బలంగా ఉంటే రోజు కోటా ఆ ఒక్క ప్రయాణంలోనే కరిగిపోవచ్చు. పాటలైతే 128 కిలోబిట్ల లెక్కన గంటకి దాదాపు 58 ఎంబీ. అంటే బస్సులో చూడటం మాని వినడం మొదలుపెడితేనే చాలా మిగులుతుంది. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో వీడియో క్వాలిటీ ప్రిఫరెన్సెస్ తెరిచి, మొబైల్ నెట్‌వర్క్ కింద డేటా సేవర్ పెట్టండి. ఆరంగుళాల స్క్రీన్ మీద వార్తలకీ వంటల వీడియోలకీ 360పి నాణ్యత సరిపోతుంది, 1080పి దండగ. స్క్రోల్ చేస్తుంటే వాటంతటవే ఆడే వీడియోలను కూడా వైఫైలో ఉన్నప్పుడే ఆడేట్టు మార్చండి.

కొన్ని పేర్లు తప్పుదారి పట్టిస్తాయి. క్రోమ్ పక్కన పెద్ద అంకె ఉంటే అందులో మీరు తెరిచిన సైట్లన్నీ కలిసున్నట్టు. ఫేస్‌బుక్ లోపలే తెరుచుకునే లింకులు మాత్రం ఫేస్‌బుక్ ఖాతాలో పడతాయి. ‘రిమూవ్డ్ యాప్స్’ అంటే ఈ నెలలో తీసేసిన యాప్‌లు అంతకుముందు వాడినది. హాట్‌స్పాట్ విడిగా కనిపిస్తుంది, మధురవాడ వైపు హాస్టళ్లలో ఉండేవాళ్లకి తరచూ అదే మొదటి స్థానంలో ఉంటుంది. ల్యాప్‌టాప్‌కి మీ ఫోన్ కూడా మామూలు వైఫైలాగే కనిపిస్తుంది, అందుకే విండోస్ అప్‌డేట్లు మొహమాటం లేకుండా దించేసుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో ఆ వైఫై పేరు ప్రాపర్టీస్ తెరిచి మీటర్డ్ కనెక్షన్ (డేటాకి లెక్క ఉన్న నెట్ అని చెప్పే మీట) ఆన్ చేయండి. ఇది ఒక్కసారి చేస్తే చాలు, ఆ పేరుకి గుర్తుంటుంది.

పట్టీ చూడకుండా అప్పటికప్పుడు పట్టుకునే మార్గం కూడా ఉంది. షావోమీ, రియల్‌మీ, వివో లాంటి చాలా ఫోన్లలో పైన స్టేటస్ బార్ మీద నెట్ వేగం చూపించే మీట ఉంటుంది. అది ఆన్ చేసి, యాప్‌లన్నీ మూసి, రెండు నిమిషాలు ఫోన్ ముట్టుకోకుండా చూడండి. అంకె సున్నా దగ్గర ఊగుతుంటే మంచిదే. సెకనుకి 300 కేబీ దగ్గర నిలబడి ఉంటే గంటకి జీబీ పైనే వెళ్లిపోతోందని అర్థం.

అలా దొరికేవి తరచూ మూడే. గూగుల్ ఫొటోస్ బ్యాకప్ మొదటిది. దానికి మొబైల్ డేటా అనుమతి ఉంటే, ఆర్కే బీచ్‌లో సాయంత్రం తీసిన వీడియోలన్నీ ఇంటికొచ్చేలోపే మొబైల్ డేటా మీద ఎక్కేస్తాయి. బ్యాకప్ సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా వాడకాన్ని ‘నో డేటా’లో పెట్టండి. రెండోది ప్లేస్టోర్, అందులో ఆటో అప్‌డేట్ వైఫైలో మాత్రమే జరగాలి. మూడోది వాట్సాప్. స్టోరేజ్ అండ్ డేటాలో మొబైల్ డేటా కింద ఉన్న టిక్కులన్నీ తీసేయండి, ఫొటో కావాలంటే నొక్కి చూసుకోవచ్చు. పెళ్లి గ్రూపులు, అపార్ట్‌మెంట్ గ్రూపులు ఉన్న అమ్మా నాన్నల ఫోన్లలో ఇది తప్పకుండా చేయాలి. అక్కడే ఉండే నెట్‌వర్క్ యూసేజ్‌లో కాల్స్, మీడియా, స్టేటస్ దేనికెంత అయిందో విడివిడిగా కనిపిస్తుంది.

ఇంట్లో వైఫై ఉన్నవాళ్లకి మరో ప్రమాదం ఉంది. అక్టోబర్, నవంబర్‌లలో వాయుగుండం పట్టి గాలీవానా మొదలైతే కరెంటు పోతుంది, రౌటర్ ఆగిపోతుంది. ఫోన్ చడీచప్పుడూ లేకుండా మొబైల్ డేటాకి మారిపోతుంది, పిల్లల చేతిలో వీడియో ఆగదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటూ ఫోన్లూ లేక విశాఖ పడ్డ అవస్థ తెలిసినవాళ్లకి, తుపాను రోజున ఉన్న డేటా ఎంత విలువైందో చెప్పక్కర్లేదు. ఇంట్లో ఉన్నంతసేపూ మొబైల్ డేటా మీట ఆపేసి ఉంచడం మంచి అలవాటు. ఐఫోన్‌లో మొబైల్ డేటా పేజీ అడుగున వైఫై అసిస్ట్ ఉంటుంది, దాన్నీ ఆపండి. వైఫై బలహీనపడితే మొబైల్ డేటా వాడేది అదే.

5జీ ఫోన్లవాళ్లకి ఒక మాట. కొన్ని ప్లాన్లలో 5జీ మీద వాడినది రోజు కోటాలోకి రాదు, 4జీ మీద వాడినదే వస్తుంది. ఫోన్ పట్టీ ఈ తేడా చూపించదు, రెండూ కలిపేస్తుంది. అందుకే ఫోన్‌లో 6 జీబీ కనిపించి ఆపరేటర్ యాప్‌లో ఇంకా మిగిలే ఉంటుంది. ఊళ్లో 5జీకి అలవాటుపడి నాణ్యత పెంచుకున్నవాళ్లు అరకు ఘాట్ ఎక్కే ముందు తగ్గించుకోవాలి. 4జీలో పడగానే కోటా కరగడం మొదలవుతుంది. ఎంత మిగిలిందన్న విషయంలో ఆపరేటర్ యాప్‌లోని అంకెదే ఆఖరి మాట.

డేటా లిమిట్ పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. రోజువారీ ప్లాన్‌కి అది పనికిరాదు. 28 రోజులకి 42 జీబీ అని పెడితే, ఇవాళ 1.5 దాటినా ఆండ్రాయిడ్ పట్టించుకోదు. నెల మొత్తానికి ఒకే కోటా ఉన్న ప్లాన్ అయితే వార్నింగ్ పెట్టుకోండి, లిమిట్ వద్దు. లిమిట్ తగలగానే మొబైల్ డేటా పూర్తిగా ఆగిపోతుంది, కొట్టు ముందు స్కాన్ చేసి నిలబడాల్సి వస్తుంది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ఉండే డేటా సేవర్ మేలు. అది ఆన్ చేస్తే యాప్‌లు చాటుగా నెట్ వాడలేవు. కాకపోతే వాట్సాప్ కాల్ మోగకపోవచ్చు, మెసేజ్‌లు ఆలస్యం కావచ్చు. అందుకే అన్‌రిస్ట్రిక్టెడ్ డేటా పట్టీలో వాట్సాప్‌నీ, ఆఫీసు మెయిల్‌నీ చేర్చండి. గూగుల్ ప్లే సర్వీసెస్ జోలికి మాత్రం పోవద్దు, దాని నెట్ కట్టేస్తే మిగతా యాప్‌ల నోటిఫికేషన్లు కూడా ఆగుతాయి.

కోటా పూర్తిగా అయిపోతే చాలా ప్లాన్లలో వేగం సెకనుకి 64 కిలోబిట్లకి పడిపోతుంది. అంటే 8 కేబీ అన్నమాట, 2 ఎంబీ పేజీ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాల పైనే. యూపీఐకి నిజానికి కావాల్సింది చాలా తక్కువ డేటా. కానీ ఆ సన్నటి దారిలో మెయిల్ సింక్, ఫొటో బ్యాకప్, అప్‌డేట్లు అన్నీ ఒకేసారి దూరడంతో పేమెంట్ మధ్యలో ఆగిపోతుంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు టికెట్ తీసుకునే ముందు కోటా అయిపోయిందని తెలిస్తే మొదట డేటా సేవర్ ఆన్ చేసి, తెరిచున్న యాప్‌లన్నీ మూసి, ఒక నిమిషం ఆగి, అప్పుడు యూపీఐ యాప్ ఒక్కటే తెరవండి. చక్రం తిరుగుతూ ఉంటే మళ్లీ పే నొక్కొద్దు. ముందు హిస్టరీలో డబ్బు వెళ్లిందో లేదో చూడండి.