వాపు కాళ్లకు, అనుమానం నా మీద

బీపీకి అమ్లోడిపిన్ అనే మాత్ర 5 మిల్లీగ్రాములు వేసుకున్నంత కాలం నాకు ఏ ఇబ్బందీ లేదు. బీపీ పూర్తిగా దిగడం లేదని 10కి పెంచాక కాళ్లు వాయడం మొదలైంది. పొద్దున బాగానే ఉండేవి. సాయంత్రానికి చీలమండల దగ్గర చర్మం బిగుసుకుపోయేది. వేలితో నొక్కితే పడ్డ గుంట చాలాసేపు పూడేది కాదు. చెప్పులు పట్టేవి కావు.

డాక్టరుకు చెబితే గుండె, కిడ్నీ, లివర్ పరీక్షలు రాశారు. అది సరైన పనే, వాపు వాటివల్ల కూడా రావచ్చు. అన్నీ నార్మల్ వచ్చాయి. చిక్కంతా అక్కడే వచ్చిపడింది. రిపోర్టుల్లో ఏమీ లేదు కాబట్టి నాకూ ఏమీ లేదన్నట్టు మాట్లాడారాయన. "డోసు పెంచాకే వచ్చిందండీ" అంటే, వయసన్నారు, బరువన్నారు, ఉప్పన్నారు. "ఇంటర్నెట్‌లో చదివొచ్చారా?" అని నవ్వారు కూడా. చదవలేదు, క్యాలెండర్ చూసుకున్నానంతే! కాళ్లు చూపిద్దామని చెప్పులు విప్పేలోపే చీటీ రాయడం అయిపోయింది. నీళ్లు పోయే మాత్ర, దాని కింద 'పేషెంట్‌కు ఆందోళన ఎక్కువ' అని ఒక ముక్క.

ఆ నీళ్ల మాత్ర (ఫ్యూరోసెమైడ్)తో బాత్రూమ్‌కి తిరగడమే సరిపోయేది. రాత్రిళ్లు పిక్కలు పట్టేసేవి, లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. వాపు మాత్రం కదల్లేదు. పిక్కల సంగతి చెబితే దానికి ఇంకో మాత్ర. ఇంట్లోవాళ్లేమో, "డాక్టరు కన్నా నీకెక్కువ తెలుసా?" అన్నారు. వాపు కన్నా ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది.

బీపీ మందు మాత్రం సొంతంగా మానలేదు. వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఫైలు తెరవకముందే, "ఏ మందు ఎప్పుడు మొదలైంది, వాపు ఎప్పుడు కనబడింది?" అని అడిగి, వంగి కాళ్లు నొక్కి చూశారు. అమ్లోడిపిన్ చిన్న ధమనులను వెడల్పు చేస్తుందట, సిరలను అంతగా చేయదట. దాంతో మధ్యనున్న సన్నటి నాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కాబట్టి నీళ్లు పోయే మాత్రకు పెద్దగా లొంగదు. డోసు పెరిగేకొద్దీ ఎక్కువవుతుంది, ఆడవాళ్లలో మరీను.

నీళ్ల మాత్ర ఆపి, అమ్లోడిపిన్ మళ్లీ 5కి దించి, టెల్మిసార్టాన్ అనే ఇంకో బీపీ మందు 40 మిల్లీగ్రాములు కలిపారు. కొన్నాళ్లాగి కిడ్నీ, పొటాషియం పరీక్షలు చేయించుకోమన్నారు. "పాత మందు ఒంట్లోంచి మెల్లగా పోతుంది, రాత్రికి రాత్రి తగ్గలేదని టెన్షన్ పడకండి" అని ముందే చెప్పారు. కొద్ది వారాల్లో కాళ్లు మామూలయ్యాయి. బీపీ 130/80 దగ్గర నిలిచింది.

ఆ 'ఆందోళన ఎక్కువ' చీటీ ఇంకా ఫైల్లోనే ఉంది. రేపెప్పుడైనా కొత్త డాక్టరు పాత కాగితాలు అడిగితే అది కూడా ఇవ్వాలా, తీసేసి ఇవ్వాలా అన్నది నేనింకా తేల్చుకోలేదు.