బ్రిడ్జి మీద కొత్త బండి

ఈ రోజూ ఎప్పటిలాగే రాజమండ్రి నుంచి కొవ్వూరు వెళ్ళి, పని చూసుకుని, సాయంత్రానికి ఇల్లు చేరాను. కానీ దారిలో బండికీ నాకూ మధ్య ఏదో కుదిరింది. అది మర్చిపోకముందే రాసుకోవాలనిపించింది.

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. ఇన్నేళ్ళూ నడిపింది స్ప్లెండర్. అది 112 కిలోలు, ఇది 195. షోరూములో ఆ అంకె విన్నప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. మా సందులో బండిని వెనక్కి తోసి గేటు వైపు తిప్పాల్సి వచ్చినప్పుడు దాని అర్థం తెలిసింది. సెంటర్ స్టాండ్ వేయడానికి కూడా ఒక పద్ధతి ఉంది. చేతులతో లాగితే నడుము పట్టేస్తుంది తప్ప బండి లేవదు. హాండిల్ నిటారుగా పెట్టి, స్టాండు రెండు కాళ్ళూ నేలకు సమంగా ఆనాయో లేదో చూసుకుని, కుడి పాదం స్టాండు మీద పెట్టి ఒంటి బరువంతా దాని మీదకి దించాలి. అప్పుడు అంత బరువూ తనంతట తానే పైకి లేచి కూర్చుంటుంది. ఈ ఉదయం ఆలోచించకుండానే అలా వేసేశాను. వరండాలో కూర్చున్న నాన్న చూసి తలాడించారు.

ఎడమ కాలి సంగతి వేరు. స్ప్లెండర్‌లో గేర్లన్నీ ముందుకే. వేళ్ళతో నొక్కితే పై గేరు, మడమతో నొక్కితే కింది గేరు. దీనిలో సరిగ్గా తలకిందులు. మొదటి గేరు ఒక్కటే కిందికి, మిగతా నాలుగూ పైకి. మడమతో నొక్కితే పై గేరు పడుతుంది. మెదడుకి చెప్పడం తేలికే. కాలికి చెప్పాలంటే రోజులు పడుతుంది. దేవీచౌక్ ట్రాఫిక్‌లో పక్కనుంచి ఆటో దూరినప్పుడు మనం ఆలోచించం, కాలే ఆలోచిస్తుంది. అందుకే మొదట్లో పొద్దున్నే రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు గోదావరి గట్టు వెంట తిరిగి కాలికి నేర్పుకున్నాను. ఇప్పుడు దానికి తెలిసిపోయింది.

అన్నిటికంటే ఎక్కువ నేర్చుకోవాల్సి వచ్చింది ఇంజను గురించి. స్ప్లెండర్ సిలిండర్ వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 49.5. చిన్న పిస్టన్, చిన్న నడక, చకచకా తిరుగుతుంది. కాస్త రేజు చేస్తేనే బలం దొరుకుతుంది. దీని వ్యాసం 72, పిస్టన్ నడక 85.8. దానికి తోడు ఇంజను తిరుగుడుని నిలకడగా ఉంచే బరువైన చక్రం, ఫ్లైవీలు. 27 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) 4000 ఆర్‌పీఎం (నిమిషానికి 4000 తిరుగుళ్ళు) దగ్గరే వచ్చేస్తుంది. అంటే దీన్ని అరిపించాల్సిన పనే లేదు. అలా అని తొందరపడి పై గేరు వేసేసినా ఒప్పుకోదు. నలభైలో ఐదో గేరు వేసి రేజు ఇస్తే లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు దడదడమంటుంది. మా వీధి చివర మెకానిక్ బాబాయి ఒక్క మాటలో చెప్పాడు: "రేజు ఇవ్వగానే బండి గుంజుకుని వెళ్ళాలి బాబూ, మూలిగిందంటే ఒక గేరు దింపెయ్."

మీటరులో ఆర్‌పీఎం ముల్లు లేదు. అన్నీ చెవితోనే పోల్చుకోవాలి. మూడో గేరులో శబ్దం గుండ్రంగా, నిండుగా వచ్చే చోటు ఒకటుంది. అక్కడ మడమ నొక్కితే నాలుగో గేరు వెన్నలా పడుతుంది. ఆ చోటుకి ముందు వేసినా, దాటాక వేసినా చిన్న కుదుపు. ఈ రోజు బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఒక్క కుదుపు కూడా లేకుండా గేర్లన్నీ పడ్డాయి. ఎంత ఆనందం వేసిందో చెప్పలేను.

రోడ్ కం రైలు బ్రిడ్జి పొడవు 4.1 కిలోమీటర్లు. 1974లో రాకపోకలు మొదలైన వంతెన. పైన మనం, కింద రైలు. స్లాబుల మధ్య అతుకులు వరసగా వస్తుంటాయి. స్ప్లెండర్ మీద ఒక్కో అతుకూ నడుముకి తెలిసేది, ఏటి గాలి పక్కనుంచి కొడితే బండి జరిగేది. ఈ బండి ఆ గాలిని లెక్కచేయదు. అతుకుల మీద కూడా ముందు చక్రం ఒకసారి టప్ మంటుంది, అంతే.

సరిగ్గా మధ్యలోకి వచ్చేసరికి కింద రైలు వెళ్ళింది. బ్రిడ్జి సన్నగా వణికింది. ఆ వణుకు ఫుట్‌రెస్టుల గుండా అరికాళ్ళలోకి రావడం స్పష్టంగా తెలిసింది. నాకు ఆశ్చర్యమేసింది. ఈ ఇంజన్లో వైబ్రేషన్‌ని తగ్గించడానికి బ్యాలెన్సర్ షాఫ్టు పెట్టారు. 2020లో అదే కంపెనీ మీటియర్ బండితో వచ్చి, 2021లో క్లాసిక్‌లోకి వచ్చిన ఇంజను ఇది. దీని వణుకు ఎంత తగ్గిందంటే, కింద పోతున్న రైలు వణుకుని దాని నుంచి విడదీసి పోల్చుకోగలిగాను. పాత బుల్లెట్ మీద ఇది జరిగే పని కాదు.

పాత బుల్లెట్ అంటే నాన్నదే. దానికి గేర్లు కుడివైపు, బ్రేకు ఎడమవైపు. స్టార్ట్ చేయడం ఒక తతంగం. ఆమీటరు (కరెంటు చూపే మీటరు) ముల్లు మధ్యకి వచ్చేదాకా కిక్కరు మెల్లగా నొక్కి, సిలిండర్లో ఒత్తిడి వదిలే డీకంప్రెసర్ లివరు పట్టుకుని పిస్టన్‌ని కొంచెం దాటించి, అప్పుడు ఒక్క తన్ను తన్నాలి. ఉదయం నేను బటన్ నొక్కగానే స్టార్టయిన బండి పక్కన నిలబడి నాన్న కాసేపు విన్నారు. "శబ్దం బానే ఉందిరా, దడే తగ్గింది," అన్నారు. కొంచెం వెలితిగా అన్నారేమో. నాకు మాత్రం ఈ తగ్గిన దడే నచ్చింది. రోజూ ఏరు దాటి వెళ్ళేవాడికి చేతులు తిమ్మిరెక్కకపోవడం పెద్ద సుఖం.

సాయంత్రం తిరుగు దారిలో బ్రిడ్జి ఎక్కలేదు. విజ్జేశ్వరం వైపు ఏటి గట్టు రోడ్డు పట్టాను. మలుపుల్లో బండి సంగతి చూద్దామని. స్ప్లెండర్‌ని తిప్పాలంటే నడుము కదిపితే చాలు. దీని రెండు చక్రాల మధ్య దూరం 1390 మిల్లీమీటర్లు, ముందు చక్రం 19 అంగుళాలు. మలుపు రాకముందే దీనికి చెప్పాలి. బ్రేకు, గేరు దింపడం అన్నీ ముందే అయిపోవాలి. తర్వాత తిరగాల్సిన వైపు హాండిల్‌ని అరచేత్తో కాస్త ముందుకి నెడితే మెల్లగా వాలుతుంది. వాలాక ఇక బెసగదు, గీత గీసినట్టు పోతుంది. మధ్యలో రేజు పూర్తిగా వదిలేస్తే మాత్రం ఇంజను వెనక్కి లాగుతుంది, గీత మారిపోతుంది. సన్నగా పట్టి ఉంచాలి.

ఒకచోట ఇసుక ట్రాక్టర్లు రాల్చిన ఇసుక మలుపు పొడుగునా పరుచుకుని ఉంది. కొత్త టైర్ల జారుడు మెరుపు ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టి ముందే వేగం తగ్గించి, బండిని నిటారుగా ఉంచి, బ్రేకు ముట్టుకోకుండా దాటించాను. బరువు అక్కడ సాయం చేసింది.

ధవళేశ్వరం బ్యారేజీ మీద ఎప్పటిలాగే రద్దీ. ముందు బస్సు, వెనక లారీ. మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలేసి రేజు ఇవ్వకపోయినా బండి నడక కన్నా కాస్త వేగంగా తనే పోతోంది. చేతికి శ్రమ లేదు. కుడి కాలికి మాత్రం ఇంజను వేడి గట్టిగానే తగిలింది. ఎండాకాలంలో ఇది ఇబ్బందే.

మొదటి సర్వీసు 500 కిలోమీటర్లకి. అప్పటిదాకా పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి సర్దుకుంటాయి కాబట్టి పూర్తి రేజు ఇవ్వను, ఒకే వేగంలో ఎక్కువసేపు నడపను. సర్వీసు అయ్యాక నాన్నని ఎక్కించుకుని కోటిపల్లి వెళ్ళాలి. వెనక మనిషి కూర్చుంటే తోక దిగి ముందు చక్రం తేలికవుతుంది. అందుకని ముందే వెనక షాకబ్జర్లు రెండు మెట్లు బిగించాలి. ఆరు మెట్లున్నాయి, నాన్న బరువుకి రెండు చాలు అనుకుంటున్నాను. "నేను వెనక కూర్చోను, నువ్వే కూర్చో," అంటున్నారు ఆయన. గేర్లు ఎడమవైపు ఉన్నాయని చెప్పాను. "నేర్చుకుంటాలేరా," అన్నారు.