బ్యాక్ రో ఎంపిక లైనవుట్ దగ్గరే మొదలవ్వాలి

రగ్బీలో టెస్ట్ మ్యాచ్‌కి (దేశాల మధ్య పోటీకి) జట్టు ప్రకటించగానే అభిమానుల కళ్లు ముందు బ్యాక్ రో మీదే, అంటే ఫార్వర్డ్‌లలో చివరి వరసైన 6, 7, 8 నంబర్ల మీదే పడతాయి. ఎవరికి వాళ్లు తమకి నచ్చిన ముగ్గురిని రాసిపెట్టుకుంటారు. ఆ పేర్లు కనపడకపోతే కోచ్‌ని తిట్టుకుంటారు. కానీ ఈ ముగ్గురిని విడిగా ఎంచుకోవడం కుదిరే పని కాదు. స్క్రమ్‌లో (రెండు జట్ల ఫార్వర్డ్‌లు ఎనిమిదేసి మంది ఒకరినొకరు పట్టుకుని బంతి కోసం తోసుకోవడంలో) ముందు వరసలో ఉండే ఇద్దరు ప్రాప్‌లు, హుకర్, రెండో వరసలో ఉండే ఇద్దరు లాక్‌లు, ఈ ఐదుగురు ఏం చేయగలరో, ఎక్కడ తేలిపోతారో తెలిశాకే వెనక ముగ్గురి సంగతి తేలుతుంది.

నంబర్ల గొడవ ముందే తీర్చేద్దాం. చాలా దేశాల్లో 6 అంటే బ్లైండ్‌సైడ్ ఫ్లాంకర్ (స్క్రమ్ పక్కన, మైదానం తక్కువున్న వైపు ఉండేవాడు), 7 అంటే ఓపెన్‌సైడ్ (మైదానం ఎక్కువున్న వైపు ఉండేవాడు). దక్షిణాఫ్రికాలో ఇది తిరగబడుతుంది. సియా కొలిసి 6 వేసుకుని ఓపెన్‌సైడ్ ఆడతాడు, పీటర్-స్టెఫ్ డు టోయ్ 7 వేసుకుని బ్లైండ్‌సైడ్ ఆడతాడు. చొక్కా మీది అంకె చూసి ఇద్దరిని పోల్చితే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

ఇక లైనవుట్, అంటే పక్క గీత దాటిన బంతిని రెండు జట్ల వరసల మధ్యకి విసిరి ఆట మళ్లీ మొదలెట్టడం. గాల్లో బంతి అందుకునేవాళ్లు ముగ్గురైనా ఉండాలి. లాక్‌లు ఇద్దరు ఎలాగూ ఉంటారు, మూడోవాడు దాదాపు ఎప్పుడూ బ్యాక్ రో నుంచే రావాలి. జంపర్లు ఇద్దరే అయితే అవతలి జట్టు తన ఇద్దరినీ సరిగ్గా వాళ్ల ఎదురుగా నిలబెడుతుంది. ఇక హుకర్ ఎటు విసిరినా పోటీ తప్పదు. ముందు, మధ్య, వెనక మూడు చోట్లా ముప్పుంటేనే వాళ్లు ఏదో ఒక చోటు వదిలేయక తప్పదు. ఐర్లండ్‌కి చాలా ఏళ్లు ఆ మూడో మనిషి పీటర్ ఓ'మాహోనీ. అతను 6లో ఉండబట్టే జోష్ వాన్ డర్ ఫ్లియర్‌ని 7లో గాల్లో పని కోసం కాకుండా నేల మీద పని కోసం ఎంచుకోగలిగారు.

అలాగని లైనవుట్ కోసం మిగతావన్నీ వదులుకోవడమూ ప్రమాదమే. 2019 ప్రపంచకప్ సెమీఫైనల్లో న్యూజిలాండ్ లాక్ అయిన స్కాట్ బారెట్‌ని 6లో దింపి, ఓపెన్‌సైడ్ అయిన సామ్ కేన్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టింది. ఇంగ్లండ్ టామ్ కర్రీని, సామ్ అండర్‌హిల్‌ని కలిపి ఆడించింది. ఇద్దరూ ఓపెన్‌సైడ్ స్వభావం ఉన్నవాళ్లే. నేల మీద బంతి కోసం జరిగిన పోటీలో తేడా మొదటి సగంలోనే కనపడింది, విరామం తర్వాత బారెట్ స్థానంలో కేన్ వచ్చాడు. ఇంగ్లండ్ 19-7తో గెలిచింది. అయితే ఇంగ్లండ్ ఆ సాహసం చేయగలగడానికి కారణం మారో ఇటోజె, కోర్ట్నీ లాస్. లాక్‌లిద్దరూ లైనవుట్‌లో అంత బలంగా ఉన్నప్పుడు ఫ్లాంకర్ల ఎత్తు గురించి బెంగ తగ్గుతుంది. వారం తర్వాత ఫైనల్లో ఇంగ్లండ్ అదే బ్యాక్ రోతో దక్షిణాఫ్రికా చేతిలో 32-12తో ఓడింది. స్క్రమ్ వెనక్కి జరుగుతుంటే ఏ బ్యాక్ రో అయినా చేయగలిగేది తక్కువే.

ఇప్పుడు నేల మీద పనికి వద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. వేల్స్ జట్టులో డాన్ లిడియేట్, సామ్ వార్‌బర్టన్ జోడీని గుర్తు చేసుకోండి. లిడియేట్ బంతి పట్టుకొచ్చేవాడి మోకాళ్ల కింద పడతాడు. కాళ్లు దొరికిపోయాక ఎంత బలిసినవాడైనా ఉన్నచోటే కూలిపోతాడు, ఇంకో రెండడుగులు ముందుకు లాక్కెళ్లడం ఉండదు. పడిన చోటు ముందే తెలుస్తుంది కాబట్టి వార్‌బర్టన్ అప్పటికే అక్కడుంటాడు. తన కాళ్ల మీద తాను నిలబడి, తుంటి కిందికి దించి, రక్ (నేల మీది బంతి పైన రెండు జట్లవాళ్లూ నిలబడి తోసుకోవడం) ఏర్పడక ముందే బంతి మీద చేతులు వేస్తాడు. రక్ అయ్యాక కొత్తగా చేయి పెడితే పెనాల్టీ. ముందే పట్టు దొరికితే మాత్రం వదలక్కర్లేదు. అవతలివాళ్లు వచ్చి గుద్ది కదిల్చే లోపు అతనికి దొరికేది ఒకటి రెండు క్షణాలే.

ఇద్దరూ లిడియేట్‌లే అయితే ఇద్దరూ నేల మీదే ఉంటారు, బంతి మీదికి వంగేవాడు ఉండడు. ఇద్దరూ వార్‌బర్టన్‌లైతే మరో చిక్కు. ఒకే రక్‌లోకి ఇద్దరూ దూరతారు, బంతి రాకపోతే రక్షణ వరసలో ఇద్దరు తక్కువవుతారు. ఆ ఖాళీలోంచే ట్రై (గోల్ గీత అవతల బంతిని నేలకానించి తెచ్చుకునే స్కోరు) పడుతుంది. బంతి దొంగిలించే పని ఫ్లాంకర్‌దే కావాలని కూడా లేదు. మాల్కమ్ మార్క్స్ లాంటి హుకర్ ఉంటే ఆ పని అతను చేసేస్తాడు, వెనక ముగ్గురిలో ఇంకో బరువైన ట్యాకిలర్‌కి చోటు దొరుకుతుంది.

బంతి మోసేవాడు ఎవరన్నది తర్వాతి ప్రశ్న. 2015లో ఆస్ట్రేలియా మైకేల్ హూపర్‌ని 7లో, డేవిడ్ పోకాక్‌ని 8లో పెట్టింది. ఇద్దరూ గొప్ప ఆటగాళ్లు, ఇద్దరూ పొట్టివాళ్లు. మూడో జంపర్‌గా స్కాట్ ఫార్డీ 6లో ఉండబట్టే ఆ ఏర్పాటు నిలబడింది. దాని ఖరీదు మాత్రం వేరే చోట చెల్లించాలి. సాధారణంగా 8 మోసే బరువంతా ప్రాప్‌ల మీద, లాక్‌ల మీద పడుతుంది. వాళ్లలో మోయగలిగేవాళ్లు లేకపోతే ఈ జోడీ జోలికి పోకూడదని నా అభిప్రాయం.

స్క్రమ్ గురించి ఒక్క ముక్క. బంతి వేసేది ఎడమ వైపు నుంచి, ఇద్దరు స్క్రమ్ హాఫ్‌లూ (స్క్రమ్‌లోకి బంతి వేసే, అందులోంచి వచ్చింది అందుకునే ఆటగాళ్లు) మొదట అటే ఉంటారు. అందుకే అవతలి జట్టు 8 బంతి తీసుకుని కుడి వైపు పరుగెత్తడానికి ఇష్టపడతాడు. అటు అతనికి మొదట ఎదురయ్యేది మన ఎడమ ఫ్లాంకర్. స్క్రమ్ ముగిసేదాకా అతను పట్టు వదలకూడదు, తొందరపడితే పెనాల్టీ. కాబట్టి అక్కడ వేగం కన్నా ఓపిక, గట్టి భుజం కావాలి.

బెంచ్ మీద ఎనిమిది మందిలో ముగ్గురు ముందు వరసవాళ్లే ఉండాలి. ఐదుగురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు బ్యాక్‌లు (స్క్రమ్‌లో చేరనివాళ్లు) అనే పంపకంలో ఒక లాక్ పోను బ్యాక్ రోకి మిగిలేది ఒక్క స్థానమే. ఆ ఒక్కడు కనీసం రెండు స్థానాల్లో ఆడగలగాలి. 2023 ఫైనల్లో దక్షిణాఫ్రికా బెంచ్ మీద ఏడుగురు ఫార్వర్డ్‌లుండటంతో క్వాగా స్మిత్, జాస్పర్ వీసె ఇద్దరికీ చోటు దొరికింది.

చాలామంది ముందుగా ఆలోచించనిది పసుపు కార్డు. ప్రాప్ పది నిమిషాలు బయటికెళ్లాక స్క్రమ్ వస్తే ఇంకో ప్రాప్‌ని దింపాలి, అతని కోసం మైదానంలో ఉన్న ఒకణ్ని బయటికి పంపాలి. ఎక్కువసార్లు ఆ వేటు ఫ్లాంకర్ మీదే పడుతుంది. ఏ ఫ్లాంకర్ అన్నది మ్యాచ్‌కి ముందే తేల్చుకోవాలి. మూడో జంపర్‌ని పంపేస్తే ఆ పది నిమిషాలూ మన లైనవుట్‌లో మిగిలేది ఇద్దరే.