క్రాస్ ఫెల్: గాలిని అడిగి ఎక్కాల్సిన కొండ

లేక్ డిస్ట్రిక్ట్ ఫొటోలు మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో బోలెడు, క్రాస్ ఫెల్ పేరెత్తితే మాత్రం "అదెక్కడ?" అంటారు. ఉత్తర ఇంగ్లండ్‌లోని పెన్నైన్ కొండల వరుసలో అన్నిటికంటే ఎత్తైనది ఇదే, 893 మీటర్లు. మన అర్మకొండలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. అందుకే మా రూమ్మేట్ "ఇంతోటి దానికి ప్లానింగ్ ఎందుకురా, షూ వేసుకుని పోదాం పద" అన్నాడు.

ఎత్తుతో పేచీ లేదు, పేచీ అంతా గాలితోనే. బ్రిటన్ మొత్తంలో సొంత పేరున్న గాలి ఇదొక్కటే: హెల్మ్ విండ్. ఈశాన్యం నుంచి వచ్చి, కొండ మీదుగా ఎక్కి, పడమటి వాలు మీద నుంచి ఈడెన్ లోయలోకి విరుచుకుపడుతుంది. శిఖరాన్ని టోపీలా కప్పిన మేఘం, దానికి ఎదురుగా లోయ మీద కదలకుండా నిలబడ్డ ఇంకో మేఘపు చార కనబడ్డాయంటే ఇక ఆ రోజుకి కొండ మాట మర్చిపోవడమే. 1930ల్లో గోర్డన్ మాన్లీ అనే వాతావరణ శాస్త్రవేత్త పక్కనే ఉన్న గ్రేట్ డన్ ఫెల్ మీద పరికరాలు పెట్టుకుని మరీ దీన్ని గమనించాడు. మేం ఎక్కాలనుకున్నది కిర్క్‌ల్యాండ్ ఊరి నుంచి, అంటే సరిగ్గా ఆ గాలి దిగే వైపు నుంచి. శనివారం ఈశాన్యపు గాలి అని ఫోర్‌కాస్ట్‌లో కనబడగానే ఆదివారానికి మార్చేశాం.

లీడ్స్ నుంచి కార్లైల్ వెళ్లే రైలెక్కి లాంగ్వాత్‌బీలో దిగొచ్చు గానీ, కొండ మొదలు అక్కడికి ఎనిమిది కిలోమీటర్ల దాకా ఉంటుంది, బస్సుని నమ్ముకుంటే పని కాదు, కాబట్టి కారే. నడక రానూపోనూ సుమారు 15 కిలోమీటర్లు. నెయిస్మిత్ అనే ఆయన 1892లో చెప్పిన లెక్క ఇక్కడ ఇప్పటికీ అందరూ వాడతారు: ఐదు కిలోమీటర్లకి ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. అలా చూస్తే నాలుగు గంటల పైచిలుకు, బురదకీ తిండికీ కలిపి ఆరు వేసుకున్నాం.

పైన శిఖరం ఫుట్‌బాల్ ఆడుకునేంత చదును, మబ్బు పడితే ఏ దిక్కు చూసినా ఒకటే గడ్డి, ఒకటే రాళ్లు. ఫోన్‌లో మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకున్నా సరే, బ్రిటన్ మ్యాపులు గీసే ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల ఓఎల్ 31 కాగితం మ్యాపూ కంపాసూ జేబులో ఉండాల్సిందే. మేం ముందే అనుకున్నది ఒక్కటే: పైన ఏమీ కనబడకపోతే ఉత్తరం పట్టుకుని దిగడం. అలా దిగితే గారిగిల్ నుంచి కిర్క్‌ల్యాండ్‌కి ఒకప్పుడు శవాలను మోసుకెళ్లిన పాత దారి అడ్డంగా తగిలి తీరుతుంది. ఎడమకి తిరిగితే కారు, కుడికి తిరిగితే ఆగి కూర్చోడానికి గ్రెగ్స్ హట్ అనే పాత ఇల్లు.

అనుకున్నట్టే మబ్బు పడింది. శిఖరం మీద శిలువ ఆకారంలో రాళ్లు పేర్చిన గోడ ఉంటుంది, గాలి ఎటు వీచినా ఇంకో పక్కన కూర్చోవచ్చు. ఎవరు కట్టారో గానీ దండం పెట్టాలి. అక్కడ రెండు నిమిషాలు ఊపిరి తీసుకుని, సూది చూసుకుంటూ మెల్లగా ఉత్తరానికి దిగాం. బురద నేల కాబట్టి అడుగు వేసే ముందు కర్రతో గుచ్చి చూడటమే. దారి దొరికాక మా రూమ్మేట్ మొహంలో టెన్షన్ పోయింది, నేరుగా కుడికి తిరిగాడు, నా బ్యాగులో పులిహోర ఉందని వాడికి తెలుసు.

గ్రెగ్స్ హట్ పాత సీసం గనుల కాలపు ఇల్లు, ఇప్పుడు కొండల్లోని ఇలాంటి ఇళ్లను చూసుకునే మౌంటెన్ బోథీస్ అసోసియేషన్ అనే సంఘం చేతిలో ఉంది. తాళం ఉండదు, అద్దె ఉండదు, పొయ్యి ఉంటుంది, కట్టెలు మాత్రం మనమే మోసుకెళ్లాలి. బయట దారి పొడవునా గని చెత్తలో ఊదా రంగు రాతి ముక్కలు మెరుస్తుంటాయి, ఫ్లోర్‌స్పార్ అది, తడిస్తే రంగు ఇంకా తేలుతుంది. వాడు వాటిని ఏరుకుంటూ కూర్చుంటే లేపడానికే పదిహేను నిమిషాలు పట్టింది. "వచ్చేసారి హెల్మ్ వీచే రోజే వద్దాం" అన్నాడు లేస్తూ. వద్దాం, కానీ కింద కారులో కూర్చుని చూద్దాం అన్నాను.