సిలికాన్ 74

మే నెలలో ఒకరోజు ఆటోనగర్‌లో ఓ బండికి బ్రేకు పని చేయిస్తుండగా, మా బూడిద లారీ ఇంజిన్ ఆయిల్ రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. ఆయిల్ మార్చేటప్పుడు పాత ఆయిల్ ఒక సీసా ల్యాబ్‌కి పంపితే, అందులో ఏ లోహం, ఏ మట్టి ఎంత కలిసిందో చెబుతారు. సిలికాన్ 74 పిపిఎం, అంటే పది లక్షల పాళ్లలో 74. ముందుసారి 14 ఉంది. కింద ఎర్ర అక్షరాల్లో ల్యాబ్ వాళ్ల సలహా: దుమ్ము లోపలికి పోతున్నట్టుంది, ఎయిర్ ఫిల్టర్ చూడండి.

మా లారీ ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంట్ దగ్గర బూడిద ఎత్తి జగ్గయ్యపేట సిమెంట్ ఫ్యాక్టరీలకు తోలుతుంది. ఆ బూడిదలో సగానికి అటూ ఇటూ సిలికాయే, అంటే ఇసుకలో ఉండేదే, సిలికాన్ ఉన్న పదార్థం. కాబట్టి నాకు ఇంకో ఆలోచనే రాలేదు, వెంటనే డ్రైవర్‌కి ఫోన్ చేశాను. నాన్న హయాం నుంచీ మా బండ్ల మీదే ఉన్న మనిషి, బాబాయ్ అని పిలుస్తాను. "ఫిల్టర్‌కి మళ్లీ గాలి కొట్టించావా బాబాయ్?" అని గట్టిగానే అడిగాను. కంప్రెసర్ గొట్టం దగ్గరగా పెట్టి కొడితే ఫిల్టర్ కాగితం చిట్లుతుంది, కంటికి కనపడని చిల్లు చాలు బూడిద దూరడానికి. "లేదు బాబూ, ఇండికేటర్ ఎర్రగా వస్తే కొత్తది వేయడమే. నువ్వు వద్దన్న దగ్గర్నించీ గాలి కొట్టించలేదు" అన్నాడు. నేను నమ్మలేదు. నమ్మలేదని ఆయనకి అర్థమయ్యేలాగే మాట్లాడాను.

మేస్త్రీ రిపోర్టు చూసి, ఇంజిన్ పైభాగం, అంటే హెడ్ విప్పి, పిస్టన్లు తిరిగే గొట్టాలు, అంటే లైనర్లు చూద్దామన్నాడు. హెడ్ విప్పాక పని అక్కడితో ఆగదు. రింగులు, పిస్టన్లు, ఆపైన బండి ఆగిన రోజుల కిరాయి. టెన్షన్‌తో నిద్ర పట్టక, పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను.

ఇనుము 31 నుంచి 34 అయింది. ఆయిల్ తిరిగిన దూరం కూడా 11,000 నుంచి 12,400 కిలోమీటర్లకు పెరిగింది కాబట్టి అది పెరుగుదల కిందకే రాదు. క్రోమియం 2, అప్పుడూ ఇప్పుడూ అంతే. అల్యూమినియం 4 నుంచి 5. ఇక్కడే నాకు తేడా కొట్టింది. దుమ్ము లోపలికి పోతే ఊరుకోదు. లైనర్‌ని గీకుతుంది, రింగుని గీకుతుంది, పిస్టన్‌ని గీకుతుంది. వాటిలోంచి రాలే ఇనుము, క్రోమియం, అల్యూమినియం మూడూ ఆయిల్‌లో కలిసి ఎక్కాలి. పైగా మా బూడిదలో అల్యూమినా, అంటే అల్యూమినియం ఉన్న పదార్థం కూడా గట్టిగానే ఉంటుంది. ఇంచుమించు రెండు పాళ్ల సిలికాన్‌కి ఒక పాలు అల్యూమినియం. బూడిద వల్లే సిలికాన్ 60 పెరిగి ఉంటే, అల్యూమినియం ఓ 30 పెరగాలి. పెరిగింది ఒక్కటి!

అయినా ల్యాబ్ మిషన్‌కి సన్నటి రేణువులే లెక్కకొస్తాయి, పెద్ద ముక్కలు అందులో తేలవు. అందుకని పొద్దున్నే మేస్త్రీ దగ్గరికెళ్లి, దించిన పాత ఆయిల్ ఫిల్టర్‌ని కోయించి, కాగితం మడతలు విప్పి ఎండలో చూశాను. మెరిసే రజను లేదు. ఎయిర్ ఫిల్టర్ తర్వాత ఇంజిన్‌కి వెళ్లే గొట్టం లోపల తెల్ల గుడ్డతో తుడిపించాను. గుడ్డ తెల్లగానే వచ్చింది.

అప్పుడు మా డైరీ తిరగేశాను. మార్చి చివర్లో ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే చాంబర్ దగ్గర ఆయిల్ కారుతుంటే విప్పి, సిలికాన్ పేస్టు పెట్టి కొత్త ప్యాకింగ్ వేయించాం. అప్పుడే ఆయిల్ కూడా మార్చాం. అంటే ఈ రిపోర్టు ఆ పని తర్వాత పోసిన మొదటి ఆయిల్‌ది. కొత్త పేస్టులోని సిలికాన్ వేడి ఆయిల్‌లోకి కొంత దిగుతుంది. ల్యాబ్ మిషన్ సిలికాన్ ఎంతుందో చెబుతుంది కానీ, అది ఇసుకలోదా పేస్టులోదా చెప్పలేదు. పేస్టులోది ఇంజిన్‌ని గీకదు.

హెడ్ విప్పొద్దన్నాను. మేస్త్రీకి ఇష్టం లేదు, "నీ బండి, నీ ఇష్టం" అన్నాడు. ఆగస్టులో ఇంచుమించు అన్నే కిలోమీటర్ల దగ్గర ఇంకో సీసా పంపాను, సిలికాన్ 37. నవంబర్‌లో 19. దుమ్ము దారైతే, అదే రోడ్డు మీద అదే బూడిద మోస్తూ ఇలా సగం సగం తగ్గేది కాదు.

రెండో లారీది దీనికి తిరగబడ్డ కథ. రిపోర్టంతా పచ్చరంగే, కింద నార్మల్ అని కూడా ఉంది. కానీ సోడియం 9 నుంచి 46కి, పొటాషియం 3 నుంచి 28కి వెళ్లాయి. కొత్త ఆయిల్ కూడా ఒక సీసా పంపి ఉన్నాను కాబట్టి, అందులో ఈ రెండూ దాదాపు లేవని తెలుసు. ఇవి ఇంజిన్‌ని చల్లబరచడానికి రేడియేటర్‌లో పోసే కూలెంట్‌లో ఉండేవి. డ్రైవర్‌ని అడిగితే, వారానికి అర లీటరు నీళ్లు పోస్తున్నానన్నాడు. ఆయిల్ కూలర్‌కి ప్రెషర్ పెట్టి చూస్తే సన్న లీకు. ఇంజిన్ వేడికి నీరు ఆవిరైపోతుంది, ఈ లవణాలు మాత్రం ఆయిల్‌లో ఉండిపోతాయి. ఇంకో నెల ఆగి ఉంటే బేరింగులు పోయేవేమో. మొదటి రిపోర్టు అంత భయపెట్టకపోతే, పచ్చరంగు చూసి ఇది పక్కన పెట్టేసేవాణ్నే.

బాబాయ్ దగ్గరికి మాత్రం ఆగస్టు రిపోర్టు దాకా ఆగి వెళ్లాను. అది నాకు ఇప్పటికీ బాధే. ల్యాబ్ వాళ్ల కాగితం పట్టుకుని, అందులో ఒక్క అంకె చూసి, ముప్పై ఏళ్లుగా మా దగ్గరున్న మనిషిని అనుమానించాను. తప్పు నాదే అని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, "ఈసారి సీసా నేను పడతాలే" అన్నాడు.

ఇప్పుడు శాంపిల్ ఆయనే తీస్తాడు. బండి తిరిగొచ్చాక వేడి మీదే, మొదటి ధార వదిలేసి, మధ్య ధారలో సీసా పెడతాడు. లేబుల్ మీద కిలోమీటర్లు రాసి ఊరుకునేవాళ్లం ఇదివరకు. నిన్న పంపిన సీసా మీద కిలోమీటర్ల కింద ఆయన చేతిరాతతో ఇంకో రెండు వరుసలున్నాయి: "వాటర్ పంపు మార్చాం. పేస్టు పెట్టాం."