పిట్ట కాలికి కట్టిన చీటీ

పీజీ అయ్యాక ఆరు నెలలు ఒక మ్యూజియంలో (ఏదో అడక్కండి) పాత పిట్టల నమూనాల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని చేశాను. అద్దాల పెట్టెలో రెక్కలు చాచిన గద్దను ఊహించుకోకండి. ఇవి జనానికి చూపించేవి కావు. బీరువా సొరుగు లాగితే దూది కూరి కుట్టేసిన పిట్టలు వరసగా వెల్లకిలా పడుకుని ఉంటాయి. కళ్లున్న చోట కూడా దూదే. పురుగు పట్టకుండా వెనకటి రోజుల్లో ఆర్సెనిక్ పూసేవాళ్లు కాబట్టి గ్లౌజులు తప్పనిసరి.

రెండో వారంలోనే నా కొంప మునిగింది. రెండు వంగపండు పిట్టల చీటీలు ఒకేసారి ఊడి చేతిలోకొచ్చాయి. దారం పుచ్చిపోయింది. రెండూ మగవే. ఏ చీటీ ఏ పిట్టదో తెలీదు. మా సార్ ముఖం చూడాలంటే టెన్షన్.

ఆ చీటీలో ఏముంటుందనుకున్నారు? ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారు, ఆడా మగా, రెక్క కొలత. అంతే. కానీ అది అబద్ధమైతే ఏమవుతుందో ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబ కథ చెబుతుంది. రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ అనే బ్రిటిష్ సైనికాధికారి వేరేవాళ్లు పట్టిన పిట్టను మ్యూజియం నుంచి కాజేసి, 1914లో గుజరాత్‌లో తానే పట్టినట్టు చీటీ రాసుకున్నాడు. పమేలా రాస్ముసెన్, నైజెల్ కాలర్ అనే పక్షి శాస్త్రవేత్తలు ఆ దొంగతనం బయటపెట్టారు. ఆ చీటీని పక్కనపెట్టి, మిగతా పిట్టల చీటీల్లో ఉన్న చోట్లు వెతుక్కుంటూ వెళ్లిన రాస్ముసెన్ బృందానికి 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర ఆ గుడ్లగూబ కనిపించింది. అంతకుముందు దాన్ని ఖాయంగా చూసి నూరేళ్లు దాటింది!

మన కడప వైపు అడవుల్లోని అరుదైన పిట్ట కలివి కోడిదీ ఇలాంటి సంగతే. 1917లో సేకరించిన ఒక గుడ్డు స్కాట్లండ్‌లో అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉండిపోయి, 2013లో బయటపడింది. దానిదేనా కాదా అని తేల్చడానికి మరో మ్యూజియంలో ఉన్న కలివి కోడి కాలివేలి నుంచి చిన్న ముక్క తీసి డీఎన్ఏ పోల్చారు. దానిదే.

కొత్త జీవిని కనిపెడితే నమూనాను ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో అప్పగించాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టం చెబుతుంది. కోల్‌కతాలోని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటిదే. చట్టం సరే, దారం సంగతి ఎవరు చూస్తారు?

మా సార్ తిట్టలేదు. స్కేలు తెచ్చి రెండు పిట్టల రెక్కలూ కొలిచారు. చీటీల్లోని కొలతలకు మధ్య తేడా ఒక్క మిల్లీమీటరే. ఎండిన చర్మం ఆ మాత్రం కుంచించుకుపోతుంది. ఇక లాభం లేదని రెండు చీటీలనూ ఒక కవర్లో పెట్టి, దాని మీద 'ఏది దేనిదో తెలీదు' అని రాసి, కింద తారీఖు వేసి, నా చేత సంతకం పెట్టించారు.