అరెకా పామ్: కత్తెర పట్టే ముందు పసుపు ఎక్కడ మొదలైందో చూడండి

హైదరాబాద్‌లో గేటు పక్కన, లిఫ్టు దగ్గర, బాల్కనీలో, ఎక్కడ చూసినా ఇదే మొక్క. పుట్టిల్లు మడగాస్కర్. పేరు చూసి వక్కలు కాస్తుందనుకునేరు, వక్కచెట్టు వేరు. ఎండ తగిలిన మొక్కకు మట్టల కాడలు పసుపుగా ఉండటం సహజం, దానికి మందు అక్కర్లేదు. ఆకులే పసుపు పడితే చూసుకోవాలి.

కింది ముదురు మట్టల్లో మొదలైతే చాలావరకు పొటాష్ లోపమే. ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నారింజ చుక్కలు నూనె మరకల్లా మెరుస్తాయి, కొసలు ఎండిపోతాయి. తోటమాలి వచ్చి ఆ మట్టలన్నీ నరికి ‘శుభ్రం’ చేసిపోతాడు. అసలు నష్టం అక్కడే. పాత ఆకుల్లోని పొటాష్‌ను లాగి మొక్క మొవ్వకు, అంటే కొత్త ఆకు పుట్టే నడిమి మొలకకు, పంపుకుంటుంది. వాటిని తీసేస్తే పై మట్టల్లోంచి లాగుతుంది. అందుకే పూర్తిగా ఎండినవే కోయాలి. 12 అంగుళాల కుండీకి సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 5 గ్రాములు, ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) అందులో సగం, రెండు నెలలకోసారి తడిమట్టిలో కలపండి. ఒక్క పొటాషే వేస్తే మెగ్నీషియం లోపం వస్తుంది. మచ్చపడ్డ ఆకు మళ్ళీ పచ్చబడదు, కొత్తవి శుభ్రంగా వస్తున్నాయా అన్నదే లెక్క.

కొత్త ఆకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందట్లేదని. ఉప్పు బోరు నీళ్ళు, నీరు దిగని మట్టి, మరీ లోతుగా నాటడం దీనికి కారణాలు. ముందు కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి.

కొసలు మాత్రమే మాడితే నీళ్ళలోని ఉప్పు, ఫ్లోరైడ్, లేదా వడగాలి. సూపర్ ఫాస్ఫేట్‌లోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, దీనికి వేయకండి. నెలకోసారి మంజీరా (నగర కుళాయి) నీళ్ళో వాననీళ్ళో కుండీకి రెండింతలు పోసి అడుగునుంచి కారనివ్వండి.

ఏప్రిల్, మే నెలల్లో ఆకు కింద తెల్లకాగితం పెట్టి తట్టండి. రాలిన చుక్కలు పాకితే ఎర్రనల్లి. ఆకు అడుగుభాగాన్ని పైపుతో గట్టిగా కడిగి, సాయంత్రం లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి, వారానికోసారి చొప్పున మూడుసార్లు కొట్టండి.

ఎత్తు పెరిగిందని తల నరికితే ఆ కాండం చచ్చినట్టే, దానికి ఉన్నది ఒక్క మొవ్వే. ఆ పొడుగుదాన్ని నేలమట్టానికి కోసి, పిలకలను ఎదగనివ్వండి.